కాలిఫోర్నియాలో అస్థికలు కలపడం: నదిలో కుదురుతుందా, సముద్రానికే వెళ్లాలా?

ఫోల్సమ్ కోడలు:

నమస్కారం అండీ. మా మావగారు పోయారు. దహనం అయిపోయింది, అస్థికలు ఈ వారంలో ఇస్తామని ఫ్యూనరల్ హోమ్ వాళ్లు చెప్పారు. ఇప్పట్లో ఇండియా ప్రయాణం కుదిరేలా లేదు. అందుకని ఎక్కువ భాగం ఇక్కడే నీళ్లలో కలిపేసి, కొంచెం దాచి, వీలైనప్పుడు రాజమండ్రి తీసుకెళ్దామని ఇంట్లో అనుకుంటున్నాం. తెలిసినవాళ్లు తలా ఒకటి చెబుతున్నారు. ఒకరు అమెరికన్ రివర్‌లో కలిపేయమంటారు, ఇంకొకరు లేక్ టాహో అంటారు, మరొకరు అసలు ఎక్కడా కలపకూడదు, కేసవుతుందంటారు.

అడగాలనుకున్నవి ఇవి: నదిలోగానీ చెరువులోగానీ కలపొచ్చా? పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి? పడవ మాట్లాడుకుంటే అక్కడ అసలు ఏం చేస్తారు, మనం ఏం పట్టుకెళ్లాలి? దాచిన భాగాన్ని విమానంలో తీసుకెళ్లడానికి ఏ కాగితాలు కావాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కాగితాల కరణం:

ముందు రూలు ఏమిటో చెబుతాను, అది తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి. కాలిఫోర్నియా హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో రెండు సెక్షన్లు మీకు పనికొస్తాయి. నేల మీద చల్లడానికి 7116, నీళ్లలో కలపడానికి 7117.

నీళ్ల సంగతి. సముద్రంలో కలపొచ్చు, పడవలో వెళ్లి అయినా, విమానం నుంచి అయినా. ఒడ్డు నుంచి కనీసం 500 గజాల దూరం ఉండాలి. "సముద్రం" అన్నదాంట్లోకి పడవలు తిరిగే లోతట్టు జలాలు కూడా వస్తాయిగానీ చెరువులు, ఏరులు రావని సెక్షన్‌లోనే రాసి ఉంది. వంతెన మీంచి, పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన కట్టడం) మీంచి పనికిరాదు. డబ్బాతో సహా విసిరేయకూడదు, అస్థికలు డబ్బాలోంచి తీసే కలపాలి. దీనికి ఒక్క మినహాయింపు, నీళ్లలో వేసిన నాలుగు గంటల్లోపు కరిగిపోయి లోపలున్నది వదిలేసే "స్కాటరింగ్ అర్న్". కాబట్టి లేక్ టాహో లేదు, ఫోల్సమ్ లేక్ లేదు, అమెరికన్ రివర్ లేదు. బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి వదలడం కూడా లేదు. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు అదే, సముద్రమే కదా అని ఒడ్డునే కలిపేస్తారు.

నేల మీద అయితే ఆ స్థలం యజమాని, లేదా ఆ స్థలాన్ని చూసే ప్రభుత్వ శాఖ, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. స్థానికంగా నిషేధం ఉండకూడదు. చల్లింది జనం గుర్తుపట్టేలా కనబడకూడదు, డబ్బాలో ఉండకూడదు. యోసెమిటీలాంటి నేషనల్ పార్కుల్లో ఫెడరల్ రూలు ప్రకారం ఆ పార్కు పర్మిట్ లేకుండా చల్లడం నిషేధం. స్టేట్ పార్కయితే దాన్ని చూసే ఆఫీసులో అడగాలి. సొంత పెరట్లో చల్లుకోవచ్చుగానీ రేపు ఇల్లు అమ్మితే ఆ చోటు మీది కాదు, ఆ సంగతి ముందే ఆలోచించుకోండి.

ఇక కాగితం. ఈ రాష్ట్రంలో మనిషిని పూడ్చాలన్నా, కాల్చాలన్నా, ఆ అస్థికలు ఎక్కడికి వెళుతున్నాయన్నా వీఎస్-9 అనే పర్మిట్ ఉండాలి. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లోని రిజిస్ట్రార్ ఇస్తారు, మామూలుగా ఫ్యూనరల్ హోమ్ వాళ్లే తీసిపెడతారు. అందులో తుది గమ్యం అనే గడి ఉంటుంది. ఇంట్లో ఉంచుకుంటామంటే ఇంటి అడ్రస్ రాస్తారు. సముద్రంలో అంటే ఒడ్డున దానికి దగ్గరగా ఉన్న చోటు, కౌంటీ పేరు రాస్తారు. అస్థికలు చేతికొచ్చే ముందే ఆ గడిలో ఏం రాశారో చూడండి. "రెసిడెన్స్" అని రాసేసి ఉంటే, తర్వాత నీళ్లలో కలపడానికి మళ్లీ కొత్త పర్మిట్ తీసుకోవాలి. పని కాని పనేమీ కాదు, ఇంకోసారి తిరగాలి అంతే. మీరు రెండు భాగాలు చేస్తామంటున్నారు కాబట్టి ఇప్పుడే చెప్పండి, సముద్రానికి ఒకటి, దాచుకునే భాగానికి ఒకటి తీయించుకోవచ్చు.

సంతకం ఎవరు పెట్టాలనే దగ్గర కూడా జనం తడబడతారు. అస్థికల మీద హక్కు మన పద్ధతిలో పెద్దకొడుకుదనుకుంటాం. ఇక్కడి చట్టం వరస వేరు. పోయినాయన వైద్యం విషయంలో పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికైనా రాసి ఉంటే ముందు వాళ్లు, లేకపోతే భార్య, ఆ తర్వాతే పిల్లలు. మీ ఇంట్లో అయితే మీ అత్తగారి సంతకం. ఆవిడ ఊళ్లో ఉండగానే ఆ కాగితాలు పూర్తిచేయండి.

పని అయ్యాక ఆ పర్మిట్ మీద తేదీ వేసి, సంతకం పెట్టి, కలిపిన చోటు ఏ కౌంటీలోకి వస్తుందో ఆ కౌంటీ రిజిస్ట్రార్‌కి పది రోజుల్లోగా తిరిగి పంపాలి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

డెల్టా బాబాయ్:

ఇంత గొడవ ఎందుకండీ. సాక్రమెంటో రివర్‌లో ఓడలే తిరుగుతాయి, అది ఏరు ఎలా అవుతుంది? లోతట్టు జలాల్లో కలపొచ్చని మీరే అన్నారు. తెల్లారగట్ల ఒక చిన్న బోటులో వెళ్లి కలిపేస్తే అడిగేవాడు ఉండడు. పైగా మనకి పారే నీళ్లు ముఖ్యం, ఉప్పునీళ్లు కాదు.

కాగితాల కరణం:

బాబాయ్ గారూ, నదిని లోతట్టు జలంగా లెక్కేసినా మీ దారి మూసుకుపోతుంది. ఒడ్డు నుంచి 500 గజాలు అంటే రెండు ఒడ్ల నుంచీ. అంటే నది కనీసం వెయ్యి గజాల వెడల్పు ఉండి, దాని నట్టనడుమ నిలబడాలి. సాక్రమెంటో ఊళ్లో ఆ నది వెడల్పు మొత్తం కలిపినా 500 గజాలు ఉండదు. డెల్టా కాలవలూ అంతే. రాజమండ్రి దగ్గర గోదావరి అయితే ఆ కొలతకి హాయిగా సరిపోయేది, ఇక్కడ అలాంటి నది లేదు.

అడిగేవాడు ఉండడన్నది వేరే మాట. చట్టం ఒప్పుకున్న చోట కాకుండా వేరే చోట కలిపితే అది మిస్‌డిమీనర్, అంటే చిన్న తరహా నేరం. దానికంటే పెద్ద చిక్కు వీఎస్-9 దగ్గర వస్తుంది. ఆ కాగితం మీద ఒక చోటు రాసి ఇంకో చోట కలిపితే అబద్ధానికి మీ అత్తగారో అమ్మగారో సంతకం పెట్టినట్టవుతుంది. పారే నీళ్లే కావాలనుకుంటే శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఉంది. సాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు రెండూ అందులోకే దిగి గోల్డెన్ గేట్ అనే సన్నటి జలమార్గం గుండా సముద్రంలో కలుస్తాయి. అమెరికన్ రివర్ సాక్రమెంటోలో కలిసేదే కదా, ఆ నీళ్లూ అక్కడికే వస్తాయి.

రేవు దగ్గర:

పైన చెప్పినదాంట్లో రూలు సరిగ్గా ఉంది. పడవ సంగతి నేను చెబుతాను.

మొదట తేల్చుకోవాల్సింది బే లోపలా, బయట సముద్రమా అని. బే లోపల అయితే రాష్ట్రం రూలు ఒక్కటే, 500 గజాలు. ఆ కొలత బేలోని దీవులు ఏంజెల్ ఐలాండ్, ఆల్కట్రాజ్ ఒడ్డుల నుంచి కూడా లెక్కే. గోల్డెన్ గేట్ దాటి బయటికెళ్తే ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) రూలు కూడా వస్తుంది: నేల నుంచి కనీసం మూడు నాటికల్ మైళ్లు, అంటే సుమారు అయిదున్నర కిలోమీటర్లు. కలిపాక 30 రోజుల్లోపు ఈపీఏకి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ముందస్తు అనుమతి అక్కర్లేదు, తర్వాత చెప్పడమే. తేదీ, బయల్దేరిన రేవు, కలిపిన చోటు అక్షాంశ రేఖాంశాలు దగ్గర పెట్టుకోండి. ఆ అంకెలు కెప్టెన్ దగ్గర జీపీఎస్‌లో ఉంటాయి, ఆ క్షణంలోనే ఫోనులో ఫోటో తీసుకుంటే సరి. ఇంటికొచ్చాక అడిగితే దొరకవు.

పెద్దవాళ్లు ఉంటే నా ఓటు బే లోపలికే. గోల్డెన్ గేట్ బయట పొటాటో ప్యాచ్ అనే, నీటి అడుగున ఉన్న మెట్ట దగ్గర అలలు మామూలు రోజుల్లోనే ఎత్తి కుదేస్తాయి. సాసలీటో, బర్క్‌లీ, ఎమరీవిల్, అలమీడా, ఈ రేవుల్లో ఎక్కడి నుంచి బయల్దేరినా తొందరగానే 500 గజాలు దాటిన చోటుకి చేరతారు.

వేళ. వేసవిలో ఈ బే మీద మధ్యాహ్నం నుంచి పడమటి గాలి గట్టిగా వీస్తుంది. లోపలి లోయ ప్రాంతంలో ఎండకి గాలి వేడెక్కి పైకి లేస్తుంటే చల్లటి సముద్రపు గాలి గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూరుతుంది. మే నుంచి ఆగస్టు దాకా అయితే ఉదయం ఎనిమిదికి, తొమ్మిదికి బయల్దేరేలా మాట్లాడుకోండి. ఆటుపోట్ల పట్టిక కూడా చూడండి, ఆటు సమయంలో నీళ్లు గోల్డెన్ గేట్ వైపు బయటికి లాగుతుంటాయి, కలిపినవి అటే వెళతాయి. పోటు సమయంలో కలిపితే లోపలికి వస్తాయి. చట్టానికి రెండూ ఒకటే, మనసుకి తేడా ఉంటుంది. ఒకవేళ వాతావరణ శాఖ "స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ" (చిన్న పడవలకి హెచ్చరిక) ఇస్తే తేదీ మార్చుకోండి, మొహమాటపడొద్దు.

అస్థికల గురించి. ఇక్కడ వచ్చేవి మన ఊళ్లో చితి ఆరాక ఏరుకునే ఎముక ముక్కల్లా ఉండవు. దహనం అయ్యాక మిగిలిన ఎముకలని మిషన్‌లో పొడి చేసి ఇస్తారు. ఒక పెద్ద మనిషివి రెండు నుంచి మూడు కిలోలు, సుమారు మూడుంపావు లీటర్ల చోటు పడుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న రాగి చెంబులో పట్టవు, ముందే చూసుకోండి. నలుపు రంగు ప్లాస్టిక్ పెట్టె, దానిలో మందపాటి ప్లాస్టిక్ సంచి, మూతికి గట్టి టై, సంచితో పాటు ఒక నంబరు వేసిన లోహపు బిళ్ల, ఇదీ సాధారణంగా వచ్చే తీరు. ఆ టై చేత్తో ఊడదు. పడవ ఊగుతుంటే కత్తెర కోసం వెతుక్కోవడం కన్నా, ఇంట్లోనే ఒక పాత దుప్పటి పరుచుకుని, టై కత్తిరించి, బిళ్ల బయటికి తీసి, దాచుకునే భాగాన్ని వేరే సంచిలోకి తీసి, మళ్లీ రబ్బరు బ్యాండు పెట్టుకోండి. బిళ్ల పారేయకండి, నీళ్లలోనూ వేయకండి. దాని మీది నంబరు క్రిమేషన్ సర్టిఫికెట్‌తో సరిపోతుంది, దాచిన భాగంతో ఉంచండి.

పొడి రెండు రకాలుగా ఉంటుంది, బియ్యపు నూకలాంటి గరుకు, ముఖం పౌడరు కన్నా మెత్తటి దుమ్ము. గరుకు వెంటనే మునుగుతుంది. దుమ్ము గాలికి లేస్తుంది. జరిగే ఇబ్బందులన్నీ ఆ దుమ్ము వల్లే. కెప్టెన్‌కి తెలిసే ఉంటుంది, అయినా అడగండి: పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, ఇంజన్ న్యూట్రల్‌లో ఉంచమనండి. మీరు వెనక భాగంలో, గాలి మీ వీపు మీద పడి నీళ్ల మీదికి పోయే పక్కన నిలబడాలి. సంచిని నీటికి ఎంత దగ్గరగా దించితే అంత మంచిది. భుజం ఎత్తు నుంచి వంపితే సగం పడవలో వాళ్ల బట్టల మీదే పడుతుంది. కొన్ని పడవలకి వెనక కిందికి స్విమ్ ప్లాట్‌ఫారం ఉంటుంది, అలాంటిదైతే వంగక్కర్లేదు. రెయిలింగ్ ఎత్తుగా ఉంటే తాడు కట్టిన బుట్టలో పెట్టి దించే ఏర్పాటు ఉందా అని బుకింగ్ అప్పుడే అడగండి.

ఒకేసారి కుమ్మరించకండి. నాలుగైదు విడతల్లో, సన్నటి ధారగా. నీళ్లలో బూడిదరంగు మబ్బులా విచ్చుకుని కాసేపటికి మాయమవుతుంది. పాలలోగానీ నీళ్లలోగానీ ముందే కలిపి తేవాలని కొందరంటారు, అలా చేస్తే సంచికి సున్నంలా అంటుకుని రాదు. అయిపోయాక సంచి మూతిని నీళ్లలో ముంచి కడిగి వెనక్కి తెచ్చుకోండి. బట్టల మీద పడితే దులపండి, తడిగుడ్డతో రుద్దితే పట్టుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి మాస్కు, ధార పోసేవాళ్లకి కళ్లజోడు.

కూడా వేసే సామగ్రి. విడి పూల రేకలు చాలు. దండ అంటే దారం, దారంతో పాటు జరీ, అవన్నీ సముద్రంలో మిగిలిపోతాయి. ఈపీఏ కూడా నీళ్లలో తొందరగా కుళ్లిపోయే వాటినే ఒప్పుకుంటుంది, ప్లాస్టిక్ పూలు నిషేధం. నువ్వులు, దర్భలు, కాస్త పసుపు కుంకుమ పర్వాలేదు. కొబ్బరికాయ వద్దు, తేలుకుంటూ పోయి ఎవరి బీచ్‌లోనో తగులుతుంది. నాణేలు, బంగారం ముక్కలు, రాగి చెంబు నీళ్లలోకి పోకూడదు. మట్టి కుండ నాలుగు గంటల్లో కరగదు, కాబట్టి కుండలో పట్టుకెళ్లొచ్చుగానీ వంపేసి కుండని, దానికి కట్టిన గుడ్డని వెనక్కి తేవాలి. కర్పూరం, దీపం పడవలో వెలిగించనివ్వరు. డీజిలో పెట్రోలో ఉన్న చోట నిప్పు ఎవరూ ఒప్పుకోరు, ఆ భాగం ఇంట్లోనో ఒడ్డునో చేసుకుని ఎక్కండి. పిండాలు పడవలో బయటికి తీయకండి. ఇక్కడ కాకులు రావు, సీగల్స్ వస్తాయి, అవి పంతులుగారి చేతిలోంచే ఎత్తుకుపోతాయి.

పడవ మాట్లాడేటప్పుడు ఎంతమంది అన్నది ముఖ్యం. "సిక్స్ ప్యాక్" అని పిలిచే చిన్న చార్టర్ పడవల్లో డబ్బులిచ్చి ఎక్కే ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు, ఇది కోస్ట్ గార్డ్ నియమం. పసిపిల్లలు కూడా లెక్కే, పంతులుగారూ లెక్కే. అంతకు మించితే కోస్ట్ గార్డ్ తనిఖీ అయిన పెద్ద పడవ కావాలి.

గౌతమీ తీరం:

పైన అంతా పడవ మీద ఉంది, నేను పద్ధతి గురించీ ఇండియా ప్రయాణం గురించీ రాస్తాను.

పదిరోజుల లోపు నిమజ్జనం అయిపోవాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. ఇక్కడ అది చాలాసార్లు చేతిలో ఉండదు. మరణం నమోదై పర్మిట్ వచ్చేదాకా దహనమే జరగదు. డాక్టరు సంతకం ఆలస్యమైనా, కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) చేతికి వెళ్లినా ఇంకా వెనక్కి జరుగుతుంది. ఆ తర్వాత అస్థికలు చేతికి రావడానికి ఇంకొన్ని రోజులు. అందుకని ఇక్కడి పురోహితులు చాలామంది కర్మలు తిథుల ప్రకారం జరిపించేసి, నిమజ్జనం వీలైన మంచిరోజున చేయిస్తారు. మీ పంతులుగారితో ఈ మాట మొదట్లోనే తేల్చుకోండి, పదో రోజు పొద్దున్న కాదు. సంచయనం అంటూ చితి దగ్గర ఎముకలు ఏరడం ఇక్కడ ఉండదు కాబట్టి, ఆ మంత్రాలు పెట్టె చేతికొచ్చాక ఇంటి దగ్గర చదివించుకునేవాళ్లున్నారు. పడవలో ఎక్కువ తంతు పెట్టుకోకండి. సంకల్పం (ఇక్కడ "క్రౌంచ ద్వీపే, రమణక వర్షే" అంటారు, వింటే కంగారు పడకండి), తిలోదకాలు, నిమజ్జనం, అంతే. పావుగంటలో తేలాలి, ఊగే పడవలో అంతకు మించి ఎవరూ నిలవలేరు.

దాచుకునే భాగం ఎంతైనా ఉంచుకోవచ్చు, రెండు మూడు గుప్పెళ్లు చాలు. ఇండియాకి తీసుకెళ్లడానికి ఇవి దగ్గర పెట్టుకోండి: డెత్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు, క్రిమేషన్ సర్టిఫికెట్, మావగారి పాస్‌పోర్టు, తీసుకెళ్లేవాళ్ల పాస్‌పోర్టు, వీసాగానీ ఓసీఐగానీ. వీటితో మీ పరిధిలోని భారత కాన్సులేట్‌లో అస్థికలు తీసుకెళ్లడానికి లేఖ తీసుకోవాలి. ఫోల్సమ్ శాన్ ఫ్రాన్సిస్కో కాన్సులేట్ కిందకి వస్తుంది. అప్లికేషన్ ఎలా పంపాలో, ఏ కాపీలు అడుగుతున్నారో వాళ్ల సైట్‌లో చూసి టికెట్లు కొనే ముందే మొదలుపెట్టండి. మావగారిది భారత పాస్‌పోర్టయితే అది రద్దు చేయించే పని కూడా అదే విడతలో అయిపోతుంది. డెత్ సర్టిఫికెట్లు మొదటిసారే ఎక్కువ కాపీలు తీసుకోండి. బ్యాంకు, ఇన్సూరెన్సు, కాన్సులేట్, ఇండియాలో ఆస్తి వ్యవహారం, అందరూ ఒరిజినలే అడుగుతారు.

విమానాశ్రయంలో భద్రతా తనిఖీ చేసే టీఎస్ఏ వాళ్లు ఆ డబ్బాని ఎక్స్‌రేలో చూస్తారు. లోపల ఏముందో కనబడకపోతే లోపలికి పంపరు, మీరు తెరవమని బతిమాలినా తెరవరు. అందుకే ఇత్తడి, రాగి, పింగాణీ డబ్బాలు వద్దు. చెక్కదో అట్టదో పల్చటి ప్లాస్టిక్‌దో చాలు. చెకిన్ సామానులో వేయకుండా చేతి సంచిలోనే ఉంచండి, ఎయిర్‌లైన్ వాళ్లకి ముందే ఫోన్ చేసి వాళ్ల నియమం అడగండి. కాగితాలు డబ్బాతో పాటే ఒక కవరులో. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు అడిగితే అవే చూపించాలి.

ఒకవేళ వేరే రాష్ట్రంలో ఉన్న ఆడపడుచుగారికో మరిదిగారికో కొంత పంపాలనుకుంటే, ఫెడెక్స్, యూపీఎస్ తీసుకోవు. అమెరికా పోస్టాఫీసు ఒక్కటే తీసుకుంటుంది, అదీ ప్రయారిటీ మెయిల్ ఎక్స్‌ప్రెస్‌లోనే. 2025 మార్చి నుంచి వాళ్లిచ్చే ప్రత్యేకమైన పెట్టెలోనే పంపాలి. లోపలి సంచి మూతి టేపు వేసి, పెట్టె కదలకుండా చుట్టూ కాగితం కూరండి.

ఫోల్సమ్ కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. బే లోపలే అని నిర్ణయించుకున్నాం. ఇంకో మూడు సందేహాలు. మేం పదకొండుమందిమి అవుతున్నాం, పంతులుగారితో కలిపి. అత్తయ్యగారికి పడవ అంటే కడుపులో తిప్పుతుందేమోనని భయం, కానీ రాకుండా ఉండనంటున్నారు. ఇంకోటి, మనం వెళ్లకుండా వాళ్లే కలిపేసి సర్టిఫికెట్ పంపే కంపెనీలు కనబడుతున్నాయి, అవి నమ్మొచ్చా? ఇంటాయన స్నేహితుడికి సొంత బోటు ఉంది, ఆయన తీసుకెళ్తానంటున్నారు, అది చట్టప్రకారం సరేనా?

రేవు దగ్గర:

పదకొండుమంది అంటే సిక్స్ ప్యాక్ కుదరదు, తనిఖీ అయిన పెద్ద పడవే చూడండి. పెద్దదైతే ఊగడం కూడా తక్కువ. అత్తగారికి వికారం తగ్గించే మాత్ర ఎక్కేముందు అరగంట, గంట ముందు వేయాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పని చేయదు. ఆవిడ వేసుకునే మిగతా మందులతో సరిపడుతుందా అని డాక్టరుని అడిగి. ఖాళీ కడుపుతో ఎక్కించకండి, ఆ రోజు ఉపవాసం అంటే ఒక అరటిపండైనా తినిపించండి. క్యాబిన్ లోపల కూర్చోబెడితే ఇంకా తిప్పుతుంది. పడవ మధ్యలో, బయట, దూరంగా ఒడ్డు కనబడేలా కుర్చీ వేయించండి. ఎక్కే ర్యాంపు నిటారు కూడా నీటి మట్టాన్ని బట్టి మారుతుంది. ఆటు బాగా తగ్గినప్పుడు అది ఏటవాలుగా దిగిపోతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగలేరు. ఇందాక ఆటు సమయం మంచిదన్నాను, దాని చివరికంటా ఆగకండి, ఆటు మొదలైన గంటకో రెండు గంటలకో అయితే రెండిటికీ బాగుంటుంది.

సొంత బోటు సరే. కుటుంబం తనంతట తాను కలుపుకోవచ్చు. కానీ పదకొండుమందిని ఆ బోటు మోస్తుందా అన్నది ముందు, లోపల కెపాసిటీ ప్లేటు మీద ఎంతమందో, ఎంత బరువో రాసి ఉంటుంది, చూడండి. స్నేహితుడు డబ్బు తీసుకుంటే మాత్రం కథ మారుతుంది, అప్పుడాయనకి కోస్ట్ గార్డ్ లైసెన్సు కావాలి. పెట్రోలు ఖర్చు పంచుకోవడం వేరు, అద్దె ఇవ్వడం వేరు.

కాగితాల కరణం:

కంపెనీల గురించి. డబ్బు తీసుకుని అస్థికలు కలిపేవాళ్లు కాలిఫోర్నియాలో "క్రిమేటెడ్ రిమైన్స్ డిస్పోజర్"గా సిమెటరీ అండ్ ఫ్యూనరల్ బ్యూరోలో రిజిస్టర్ అయి ఉండాలి. ఫ్యూనరల్ హోమ్‌లకి వాటి లైసెన్సు వేరే ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో బ్యూరో వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. అది లేకపోతే మాట్లాడొద్దు. ఉన్నా రెండు విషయాలు రాతలో అడగండి: ఒక కుటుంబానివే విడిగా కలుపుతారా లేక చాలామందివి కలిపి ఒకే ట్రిప్పులోనా, చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా కాగితం ఇస్తారా. అత్తగారు తప్పకుండా వస్తానంటున్నారు కాబట్టి మీకు ఇది అక్కర్లేదనే నా అభిప్రాయం.

మీరు బే లోపల అంటున్నారు కాబట్టి ఈపీఏకి రాయక్కర్లేదు. వీఎస్-9 మాత్రం పంపాలి. ఒక చిన్న చిక్కు: బే మధ్యలో కౌంటీ సరిహద్దులు నీళ్లలోనే ఉంటాయి. బర్క్‌లీ వైపు అలమీడా కౌంటీ, సాసలీటో వైపు మెరీన్ కౌంటీ, ఆల్కట్రాజ్ చుట్టుపక్కల శాన్ ఫ్రాన్సిస్కో. ఎటువైపు వెళ్తున్నారో ముందే కెప్టెన్‌ని అడిగి ఆ కౌంటీ పేరే పర్మిట్‌లో రాయించండి. ఆ రోజు గాలిని బట్టి ఆయన వేరే వైపు తీసుకెళ్తే, సంతకం పెట్టి పంపేసే ముందు ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ చేయండి, సవరణ ఎలాగో వాళ్లే చెబుతారు. పంపే ముందు రెండు వైపులా ఫోటోకాపీ తీసి, డెత్ సర్టిఫికెట్ల ఫైలులోనే పెట్టండి.